గులకరాళ్ళు కడిగిన మూడో రోజే తొట్టి నీళ్ళు పాలలా మారాయి

గాజుతొట్టి (వేళచేరి, చెన్నై):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో మూడు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. కొళత్తూరులో కొన్న సన్నని గులకరాళ్ళను అడుగున మూడంగుళాల మందాన పరిచాను. రెండు నెలలకే వాటి సందుల్లో చేపల మలమూ తినకుండా వదిలేసిన మేతా పేరుకుని, చేయి పెడితే చాలు బురద లేచేది. మొన్న ఆదివారం చేపలను బకెట్లోకి మార్చి, రాళ్ళన్నిటినీ బయటికి తీసి, బియ్యం కడిగినట్టు కుళాయి కింద నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఫిల్టరు స్పాంజిని కూడా అలాగే పిండి, కొత్త నీళ్ళు నింపాను. బుధవారానికి నీళ్ళు తెల్లబడ్డాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంత శుభ్రం చేశాక ఇలా ఎందుకైంది? తొట్టి ఖాళీ చేయకుండా రాళ్ళను శుభ్రపరచడం సాధ్యమేనా?

పెరంబూరు గప్పీ:
మురికితో పాటు తొట్టిని కాపాడే బాక్టీరియాను కూడా మీరు కడిగేశారండీ. చేపలు విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తుంది. ఇవి ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు, రాళ్ళకూ స్పాంజికీ అంటుకున్న పలుచని జిగురు పొరలో. మీరు చూస్తున్న తెల్లదనం ఒక్కసారిగా పెరిగిన వేరే బాక్టీరియాది కావచ్చు. అది నీళ్ళలోని ఆక్సిజన్‌ను కూడా వాడేస్తుంది. రెండు రోజులు మేత ఆపి, గాలి పంపును రాత్రింబవళ్ళు నడుపుతూ, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్ళతో రోజూ పావు వంతు మార్చండి.

ఇకముందు సైఫన్ వాడండి, అంటే ఒక చివర వెడల్పాటి గొట్టం ఉండి, తొట్టి నీళ్ళను కిందున్న బకెట్లోకి లాగే పైపు. దాని వెడల్పాటి గొట్టాన్ని రాళ్ళలోకి దించితే, రాళ్ళు గొట్టంలో కొంత లేచి దొర్లి, బరువు వల్ల మళ్ళీ కిందికి జారతాయి. తేలికైన మురికి మాత్రం నీళ్ళతో కొట్టుకుపోతుంది. రాళ్ళు మరీ పైకి వస్తుంటే పైపును వేళ్ళతో కాస్త నొక్కితే సరి. పైపును నోటితో పీల్చకండి. నీళ్ళలో ముంచి నింపి, చివరను బొటనవేలితో మూసి, తొట్టికన్నా కింద ఉన్న బకెట్లోకి వదలండి. రాళ్ళు పోను మీ తొట్టిలో సుమారు 45 లీటర్ల నీళ్ళుంటాయి కాబట్టి 11 లీటర్లు దిగగానే ఆపి, మిగిలిన రాళ్ళను వచ్చే వారానికి వదిలేయండి. ఆ మురికి నీళ్ళను పారబోయకండి, మా మిద్దె మీది కరివేపాకు చెట్టు వాటితోనే పెరుగుతోంది.

బోరునీళ్ళు:
బాక్టీరియాను చంపే కుళాయి నీళ్ళలోని క్లోరిన్ ఒక్కటే కారణం అనుకోకండి. మా ఇంట్లో క్లోరిన్ కలవని బోరు నీళ్ళే వాడతాం, అయినా అన్నీ ఒకేసారి కడిగి నేనూ ఇవే పాట్లు పడ్డాను. స్పాంజిని సైఫన్‌తో తీసిన తొట్టి నీళ్ళలోనే పిండండి, అదీ రాళ్ళు శుభ్రం చేసిన వారం కాకుండా. మొక్కలు లేని తొట్టికి మూడంగుళాల రాళ్ళు ఎక్కువే, ఒకటిన్నర చాలు. అసలు సంగతి చెప్పక తప్పదు: 45 లీటర్లలో మూడు గోల్డ్‌ఫిష్‌లంటే, మీరు ఎంత తోడినా అవి మీకన్నా వేగంగా మురికి చేస్తాయి.

గాజుతొట్టి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పది రోజులకు నీళ్ళు తేటపడ్డాయి, రెండు చేపలను నాలుగడుగుల తొట్టి ఉన్న బంధువుల ఇంటికి పంపాను. సైఫన్‌తో తొట్టి అడుగున ఉన్న రాళ్ళలో సగం శుభ్రం చేశాను గానీ, వెనుక మూలలో పెద్ద రాయి కింద నల్లటి మచ్చ కనిపించింది, కదిపితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తోంది. దానిని కెలకవచ్చా?

పెరంబూరు గప్పీ:
గాలి ఆడని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది, చేపలకు విషం. చేతితో కెలకకుండా, ఆ రాయిని మెల్లగా పక్కకు జరిపి, గొట్టాన్ని సరిగ్గా మచ్చ మీదే దించి, నీళ్ళలో కలిసేలోపే లాగేయండి. ఆ రోజుకు ఆ ఒక్క మూలే చేయండి, గాలి పంపు మాత్రం నడుస్తూనే ఉండాలి.