ఇంగ్లండ్ చిన్న ఊరి గడియారాల తయారీదారు వంశం: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ కౌంటీలో 1720 ప్రాంతంలో పొడవాటి నిలువు గడియారాలు చేసిన ఒకాయన తల్లిదండ్రులెవరో, పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుసుకోవాలని చాలా ఆశగా ఉంది. డయల్ మీద పేరు, ఊరు తప్ప ఇంకేమీ లేవు. లండన్ గడియారాల తయారీదారుల సంఘమైన క్లాక్‌మేకర్స్ కంపెనీ రికార్డుల్లో దొరకలేదు. ఇంకెక్కడ చూడాలండీ?

జవాబు 1: అక్కడ దొరక్కపోవడం మామూలే. 1631లో పుట్టిన ఆ కంపెనీ అధికారం లండన్, దాని చుట్టూ 10 మైళ్ల వరకే. 1710 నుంచి పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం గురువుకు కట్టే అప్రెంటిస్ ఫీజుల మీద ప్రభుత్వం సుంకం వసూలు చేసింది, ఆ పుస్తకాలు లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, గురువు పేరు, ఊరు, వృత్తితో పాటు తొలి దశాబ్దాల్లో కుర్రాడి తండ్రి పేరు కూడా తరచుగా రాసేవారు. తండ్రి దగ్గరే నేర్చుకుంటే మాత్రం ఫీజు ఉండదు కాబట్టి నమోదూ ఉండదు.

జవాబు 2: చర్చి జమాఖర్చుల పుస్తకాలు తప్పకుండా చూడండి. గోపురం గడియారం బాగుచేసినవాళ్లకు ఇచ్చిన డబ్బు పేరుతో సహా అందులో కనిపిస్తుంది, ఏళ్ల తరబడి ఒకే ఇంటిపేరు వస్తే అది కుటుంబ వృత్తి అనుకోవచ్చు. కమ్మరి, తాళాల పనివాడు అని ఉన్నా వదలకండి. 1752కు ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, రిజిస్టర్‌లో ఫిబ్రవరి 1719 అంటే మన లెక్కలో 1720.

జవాబు 3: వీలునామాల విషయంలో సోమర్‌సెట్‌కు పెద్ద దెబ్బ తగిలింది. 1942లో ఎక్సెటర్ నగరం మీద జరిగిన బాంబు దాడిలో అక్కడ ఉంచిన సోమర్‌సెట్ వీలునామాలు చాలావరకు కాలిపోయాయి. వీలునామాలు ఖరారు చేసే కాంటర్‌బరీ చర్చి కోర్టుకు వెళ్లినవి క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, ముందు అవి చూడండి.