గుర్రపునాడా పీతలో చూపు పని కంటిదా, మెదడుదా?

శ్రావణమేఘం:
ఈ పీత పక్కకళ్లలో ఒక్కోదాంట్లో దాదాపు వెయ్యి నేత్రకాలు, అంటే కాంతిని పట్టే చిన్న చిన్న భాగాలు, ఉంటాయి. వెలుతురు పడ్డ నేత్రకం చుట్టుపక్కల వాటి సంకేతాలను అణిచేస్తుంది. దాంతో వెలుగునీడల అంచులు కంట్లోనే తేలతాయి. మెదడుకు అందేది అప్పటికే వడపోసిన సమాచారం. శాస్త్రవేత్త హార్ట్‌లైన్‌కు 1967లో నోబెల్ తెచ్చిపెట్టిన పరిశోధన ఎక్కువగా ఈ కంటి మీదే. చూపు పనంతా కన్నే చేస్తుంది, మెదడు అందుకుంటుంది అంతే అని నా వాదన.

రాత్రిపిట్ట:
"అందుకుంటుంది అంతే" అన్నచోటే పేచీ. చీకటి పడగానే మెదడులోని రాత్రీపగలూ చూసుకునే గడియారం, కన్ను మెదడుకు సంకేతాలు పంపే అదే దృక్ నాడి గుండా కంటికి ఎదురు సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలు తెచ్చే నాడీపోగుల చివర ఆక్టోపమైన్ అనే రసాయనం విడుదలై కంటి సున్నితత్వం లక్ష రెట్ల దాకా పెరుగుతుంది. ఈ ఎదురు సంకేతాలను పరిశోధకుడు బార్లో బృందం 1977లోనే చూపించింది. నాడి కోసేస్తే రాత్రిపూట ఆ పెరుగుదల ఉండదు.

అలచప్పుడు:
ఏ కన్ను అండీ? నడినెత్తిన, పొట్టవైపు, తోకలో కూడా కాంతిని పసిగట్టేవి ఉన్నాయి.

శ్రావణమేఘం:
పక్కకళ్ల గురించే. నేత్రకానికి ఒక పోగు, అది నేరుగా మెదడుకు. సున్నితత్వం పెంచడం వేరు, చూడటం వేరు.

రాత్రిపిట్ట:
ఒక పోగు కాదు. సంకేతాలు కొట్టేది నేత్రకంలోని ఎక్సెంట్రిక్ కణం అనే నాడీకణం పోగే గానీ, దాని చుట్టూ ఉండి కాంతిని పట్టే రెటిన్యులర్ కణాల పోగులు కూడా నాడిలో వెళ్తాయి.

శ్రావణమేఘం:
సంకేతం కొట్టని పోగును లెక్కలోకి ఎందుకు తెస్తున్నారు?

రాత్రిపిట్ట:
ఉన్నాయి కాబట్టి! అవీ మెదడులోని లామినా అనే చూపు భాగం దాకా పోతున్నాయి. మెదడు నుంచి కంటికి సంకేతాలు వెళ్తాయని డిగ్రీ పరీక్షలో రాస్తే "దృక్ నాడి ఒకవైపే" అని ఎర్రసిరాతో కొట్టేశారు. ఇక్కడా అదే పాఠం వినాలా?

శ్రావణమేఘం:
మీ మార్కుల కోపం నా మీద తీర్చుకోకండి. నాడి ఒకవైపే అని నేనెక్కడా అనలేదు.

అలచప్పుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

రాత్రిపిట్ట:
అనలేదు, కానీ మీరు నమ్మేది జంతువు నుంచి విడదీసిన కన్నును. ల్యాబులో దాని మీద దొరికిన సూత్రాన్ని ఆ జీవి చూపంతా అంటున్నారు. నా అభ్యంతరం అసలు అదే. బతికున్న పీత చీకట్లో జతను వెతుక్కుంటుంది. 1982లో ఆడపీత ఆకారంలో సిమెంటు బొమ్మలు పెడితే మగవి వాటి దగ్గరికి వచ్చాయి. ఆ చూపును కంటి ముక్క చెప్పగలదా?

శ్రావణమేఘం:
చెప్పగలిగింది. అదే బార్లో తర్వాత పీత పెంకు మీద కెమెరా బిగించి, సముద్రంలో తిరుగుతుండగా దృక్ నాడి సంకేతాలు నమోదు చేశారు. ల్యాబు కొలతలతో కట్టిన కంటి కంప్యూటర్ నమూనా ఆ సంకేతాలకు సరిపోయింది. భాగాన్ని విడదీసి నేర్చుకున్నది మొత్తానికీ పనికొచ్చింది.

రాత్రిపిట్ట:
నాడి దాకా సరిపోయింది. ఆ సంకేతాల గుంపులోంచి "ఇది ఆడపీత" అని తేల్చింది ఎవరు?

శ్రావణమేఘం:
అది మెదడే. కానీ తేల్చడానికి వీలైన రూపంలో అందించింది కన్ను. ఈ మాట నేను వదలను.