అనిముల వగుల: ఆ చివరి ‘అ’ ఎవరిది?

నీలిసిరా:
కొన్నాళ్లుగా ఒక లాటిన్ పాదం నోట్లో నానుతోంది. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ 138లో ఇటలీ తీరాన బాయియేలో పోయే ముందు తన ప్రాణంతో చెప్పుకున్నాడనే అయిదు పాదాలు మీకు తెలిసినవే. అనిముల వగుల బ్లందుల (చిట్టి ప్రాణమా, దిమ్మరీ, గారాలపట్టీ) దగ్గర గొడవ లేదు. నాలుగోదే పీకుతోంది: పల్లిదుల రిగిద నూదుల. పాలిపోయి, బిగుసుకుపోయి, దిసమొలగా ఉన్నది ప్రాణమా, అది వెళ్లబోయే చోట్లా? ఎప్పుడో చదివిన అనువాదంలో చోట్లు పాలిపోయాయి. మొన్న చూసినదాంట్లో ప్రాణమే పాలిపోయింది. పై పాదం ‘క్వయ్ నుంక్ అబీబిస్ ఇన్ లోక’ అని గుర్తు. ‘క్వయ్’నా, ‘క్వో’నా?

తాటాకు:
రెండూ అచ్చయ్యాయి, ‘క్వయ్’ ఎక్కువ. ‘క్వో’ అయితే ఉత్త ‘ఎక్కడికి’. అయితే ‘క్వయ్’ పెట్టుకున్నా చిక్కు తీరదండీ, రెట్టింపవుతుంది. అది స్త్రీలింగ ఏకవచన ప్రథమ కావచ్చు, అంటే ‘ఏ నువ్వైతే ఇప్పుడు వెళ్తున్నావో’. నపుంసక బహువచన ద్వితీయ కావచ్చు, అంటే ‘ఏ చోట్లకు’. కింది పాదంలో మూడు విశేషణాలదీ ఇదే కథ. అనిములతో (ప్రాణం, స్త్రీలింగం) కలిపినా చివర ‘అ’, లోకతో (చోట్లు, నపుంసక బహువచనం) కలిపినా చివర ‘అ’.

లఘుగురువు:
ఛందస్సు తీర్పు చెప్తుందేమో అని చూశాను. రెండు ‘అ’లూ హ్రస్వాలే, కాబట్టి నేరుగా చెప్పదు. కానీ గురులఘువులు వేసి చూడండి. మొదటి పాదం: ఏడు లఘువులు, ‘బ్లం’ గురువు, మళ్లీ రెండు లఘువులు. నాలుగోది: ‘పల్’ గురువు, ఆరు లఘువులు, ‘నూ’ గురువు, రెండు లఘువులు. ఒక్క మొదటి అక్షరమే తేడా. ఒకే అచ్చులో పోసిన పాదాలు రెండూ ఒకరి గురించే అయ్యుండాలి. అవి ప్రాణానివే.

కందగడ్డ:
మాస్టారూ, ‘వగుల’ చివరి ‘ల’ తర్వాత ‘బ్ల’ ఉందిగా. సంయుక్తానికి ముందున్నది గురువు కాదా? మీ ఏడు ఆరయిపోయింది.

లఘుగురువు:
వేరే పదం మొదట్లో ఉన్న సంయుక్తం. సమాసం కాకపోతే తెలుగులోనే గురువు చెయ్యం, లాటిన్ వాడిని ఎందుకు ఇబ్బంది పెట్టడం?

వీధిబడి:
అసలు ‘ఇన్ లోక’ అంటుంటే ఎవరూ మాట్లాడరేం? మన లోకమే కదా అది!

తాటాకు:
కాదు తమ్ముడూ. పాత లాటిన్‌లో అది ‘స్ట్లోకుస్’. మన లోకం వెలుగు ధాతువు నుంచి వచ్చింది, రోచి, రుచి వైపు. దాని చుట్టం లాటిన్‌లో లోకుస్ కాదు, లూకుస్, అంటే వనం. లోకుస్‌లో చూడాల్సింది వేరే ఉంది. ఏకవచనంలో అది పుంలింగం, బహువచనంలో రెండు రూపాలు. విడివిడి చోట్లయితే ‘లోకీ’, ఒక ప్రాంతంగా చూస్తే నపుంసకంలోకి దూకి ‘లోక’. ఇటాలియన్‌లో ఇప్పటికీ వేలు ‘ఇల్ దీతో’, వేళ్లన్నీ కలిపి ‘లె దీత’. గుడ్డు ‘లువోవో’, గుడ్లు ‘లె వోవ’. ఆ ‘అ’ బహువచనం కన్నా గుంపుని చెప్తుందని నా నమ్మకం.

నీలిసిరా:
నమ్మకమేమిటండీ, జర్మన్ భాషావేత్త యోహన్నెస్ ష్మిట్ 1889లోనే దీని మీద పుస్తకం రాశాడు. నపుంసక బహువచనం పుట్టుకలో సమూహవాచకమనీ, స్త్రీలింగ ‘ఆ’కి తోబుట్టువనీ. గ్రీకులో నపుంసక బహువచనానికి క్రియ ఏకవచనంలో ఉండేది అందుకే. లాటిన్ ‘ఫోలియ’ అంటే ఆకులు. అదే ఇటాలియన్‌లో ‘ఫోల్య’, ఫ్రెంచిలో ‘ఫయ్’ అయ్యేసరికి ఒక్క ఆకు, పైగా స్త్రీలింగం.

వేదఘోష:
అంత దూరం ఎందుకు? ఋగ్వేదంలో అంభృణీ సూక్తం చివరి ఋక్కు: ఆరభమాణా భువనాని విశ్వా. ‘ఆరభమాణా’ వాగ్దేవి, స్త్రీలింగ ఏకవచనం. ‘విశ్వా’ భువనాలకు విశేషణం, నపుంసక బహువచనం. లౌకిక సంస్కృతమైతే ‘విశ్వాని’ అనాలి. రెండు ‘ఆ’లు ఒకే పాదంలో ఉన్నాయి, సందర్భం తెలియనివాడు ‘విశ్వా’ని అమ్మవారికే అంటగడతాడు. హాడ్రియన్ చిక్కు మన పూజగదిలోనే ఉంది.

రైన్‌తీరం:
ఋక్కు అదిరింది. కానీ అందరూ ‘అ’ పట్టుకుని దాని ముందున్న ‘ఉల్’ని వదిలేశారు. అది ముద్దుప్రత్యయం. చచ్చిపోయేవాడు తన ప్రాణాన్ని బుజ్జగిస్తాడు కానీ పాతాళాన్ని ‘పాలిపోయిన చిట్టి చోట్లూ’ అని బుజ్జగించడు కదా! పల్లిదుల, నూదుల ప్రాణానివే. మధ్యలో రిగిదకి మాత్రం ‘ఉల్’ లేదు. చలికి బిగుసుకున్నవి చోట్లేమో?

లఘుగురువు:
‘రిగిదుల’ అంటే గణం తప్పుతుంది. ‘ఉల్’ లేకపోవడానికి అదే కారణం, అర్థం కాదు.

రైన్‌తీరం:
మరి ఫ్రెంచి కవి రోన్సార్‌కి ఏం చెప్తారు? 1585లో తనూ మంచం పట్టి ఇదే పాదాన్ని ఫ్రెంచిలో తిరగరాశాడు: ఆమ్‌లెట్ రోన్సార్దెలెట్ (ఓ బుజ్జి రోన్సార్ ప్రాణమా). ఇంటిపేరుకి కూడా ఫ్రెంచి ముద్దుప్రత్యయం ‘ఎట్’ తగిలించిన ఘటికుడు! వెలవెలబోవడం, బక్కచిక్కడం, ఒంటరితనం ప్రాణానికి ఇచ్చాడు. చలి మాత్రం తీసుకెళ్లి మృతుల రాజ్యానికి పెట్టాడు. రిగిదని అక్కడే కోశాడన్నమాట. నా ఓటు ఆయనకే.

కందగడ్డ:
ప్రాణం పోతుంటే ఆమ్లెట్ ఏమిటండీ బాబూ.

రైన్‌తీరం:
నవ్వండి, హాడ్రియన్ చివరి పాదం కూడా ‘ఇక నీ జోకులుండవు’ అనే. జర్మన్‌లో ఇంకా కష్టం. ప్రాణం ‘దీ జేలె’, స్త్రీలింగం. ‘ఖెన్’ తగిలించి ‘జేల్‌ఖెన్’ అని ముద్దు చేయగానే నపుంసకమైపోతుంది, అమ్మాయి ‘మేట్‌ఖెన్’ అయినట్టు. డచ్చి ‘యె’ కూడా అంతే. ఇటాలియన్, స్పానిష్ వాళ్లు నయం, ముద్దు చేసినా లింగం మార్చరు.

తాటాకు:
మార్చరా? కిటికీ ‘లా ఫినేస్త్ర’, రైలు కిటికీ ‘ఇల్ ఫినెస్త్రీనో’. మగవాడైపోయింది.

రైన్‌తీరం:
అది ముద్దు కాదు మాస్టారూ, వేరే వస్తువు.

వీధిబడి:
నాకో డౌటు. మనం డేటా, మీడియా, అజెండా అంటున్నవన్నీ ఈ బాపతేనా?

నీలిసిరా:
అవును, మూడూ లాటిన్ నపుంసక బహువచనాలే. మనకి వచ్చేసరికి ఏకవచనాలు.

వేదఘోష:
ప్రత్యయాల సంగతి సరే. పోయేటప్పుడు పద్యం అంటే శ్రీనాథుడిది. దివిజకవివరుల గుండెలు ‘దిగ్గురనగ’ అమరపురికి వెళ్తున్నానన్నాడు. బుజ్జగింపుల్లేవు, ‘ఏ చోట్లకు’ అన్న ప్రశ్నే లేదు. అడ్రసు తెలిసి బయల్దేరిన మనిషి.

లఘుగురువు:
అది చాటువు. ఆయనే చెప్పాడనడానికి ఆధారమేది?

తాటాకు:
హాడ్రియన్‌దీ అలాంటిదే. మనకు దక్కింది రోమన్ చక్రవర్తుల జీవితకథల సంకలనం ‘హిస్టోరియా ఆగస్టా’లో, అందులో కట్టుకథలకు కొదవలేదు. పద్యం ఆయనది కాదన్న పండితులూ ఉన్నారు.

వేదఘోష:
ఎవరు చెప్తే ఏం, ఆ దర్పం శ్రీనాథుడిదే. కృష్ణా తీరంలో బాకీలు తీర్చలేక సంకెళ్లు పడ్డవాడు దేవకవులను భయపెడుతున్నాడు!

కందగడ్డ:
ఆ సంకెళ్ల పద్యం కూడా చాటువే. దాని మీద వేరే దారం తెరవండి, పాఠాంతరాలతో నేనొస్తా.