ఉగాది, రంజాన్ ఒకే వారంలో: సెల్లార్‌లో కలిపి చేయాలా, ఎవరి గుమ్మంలో వాళ్ళా?

సెల్లార్ సెక్రటరీ:
మాది హైదరాబాద్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ముస్లిం కుటుంబాలు తొమ్మిది, క్రైస్తవ కుటుంబాలు ఐదు, మిగతావి హిందువులవి. ఈసారి, అంటే 2026లో, ఉగాది మార్చి 19, గురువారం. నెలవంకను బట్టి రంజాన్ 20న గానీ 21న గానీ. గురువారం సాయంత్రం ఫ్లాటుకు 500 వేసుకుని సెల్లార్‌లో రెండూ కలిపి చేద్దామన్నాను. రెండు రోజులుగా వాట్సాప్ గ్రూపులో వేరే మాట లేదు. మోటారు కాలిపోయిన సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకన్నానో చెప్తాను. నిరుడు ఉగాది మార్చి 30, ఆదివారం. పొద్దున పదింటికి పచ్చడి, పంచాంగ శ్రవణం, ఒంటిగంటకి పులిహోర, బొబ్బట్లతో భోజనాలు. ఆ తొమ్మిది ఇళ్ళ నుంచి ఒక్కరూ దిగిరాలేదు. "పిలిచినా రారు, వీళ్ళు కలవరండీ" అని మా కమిటీ ఆయన ఒకరు అన్నారు. చేతిలో మైకు ఉంది, అది ఆన్‌లో ఉంది. ఆ సాయంత్రమే నెలవంక కనిపించింది, మర్నాడే రంజాన్. అంటే మేం వాళ్ళని మధ్యాహ్న భోజనానికి పిలిచింది 29వ ఉపవాసం రోజున! కమిటీలో ఏడుగురం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. నాక్కూడా.

అందుకే ఈసారి సాయంత్రం ఆరున్నరకి అనుకున్నాం. అందరి డబ్బుతో ఇలా కలిపి చేయడం సరైనదేనా? ఇక్కడ ఎవరూ మా బిల్డింగ్ వాళ్ళు కారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి.

పాత బాకీ:
వద్దు. నాకు ఎవరి మీదా కోపం లేదు, పండుగలంటే ఇష్టమే. కానీ మెయింటెనెన్స్ కట్టేది లిఫ్టుకి, నీళ్ళకి, వాచ్‌మన్ జీతానికి. ఈ ఏడు ఉగాది, రంజాన్ అంటారు. ఆ తర్వాత వినాయక చవితి, క్రిస్మస్. మా దగ్గర చవితి చందా రసీదు మీద "స్వచ్ఛందం" అని ఉంటుంది, ఇవ్వనివాళ్ళ ఫ్లాట్ నంబర్లు మాత్రం నోటీసు బోర్డు మీద ఉంటాయి. ఏ మతం కోసమూ ఎవరి దగ్గరా బలవంతంగా డబ్బు వసూలు చేయకూడదని రాజ్యాంగం 27వ అధికరణంలోనే ఉంది.

బైలా బాబాయ్:
ఆ అధికరణం ప్రభుత్వం వేసే పన్నుల గురించి బాబూ. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ దాని కిందికి రాదు. నోటీసు బోర్డు సంగతి మాత్రం నిజమే, మా దగ్గరా అంతే. పేర్లు రాయకుండా గేటు దగ్గర ఒక డబ్బా పెట్టండి, ఎంత పడితే అంతలో చేసుకోండి.

కడప గడప:
మా ఊళ్ళో ఈ ప్రశ్నే రాదు. ఉగాది నాడు దేవుని కడపకి పోయి చూడండి. తిరుమలకు తొలిగడప అంటామే, ఆ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి తెల్లవారుజాము నుంచే ముస్లిం కుటుంబాలు వస్తాయి. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి మాకు అల్లుడు అనేది వాళ్ళ వరస. కొబ్బరికాయ కొడతారు. బియ్యం, బెల్లం, చింతపండు లాంటివి భత్యంగా తెచ్చి అయ్యవారికి ఇస్తారు. కొత్త సంవత్సరం పూట అల్లుణ్ణి చూడకుండా ఎట్లుంటాం అంటారు. చిన్నప్పుడు ఆ క్యూలో మా నాయన భుజం మీద కూర్చున్నా. ముందు ఒకాయన టోపీ పెట్టుకుని, చంకలో పిల్లోణ్ణి ఎత్తుకుని నిలబడ్డాడు. వాడు వెనక్కి తిరిగి నా చేతిలో బెల్లం ముక్క లాక్కున్నాడు. నేను ఏడ్చినా. మా నాయన వాడికి ఇంకో ముక్క ఇచ్చినాడు.

అదే ఊళ్ళో పెద్ద దర్గాకి మేమూ పోతాం. ఏ కమిటీ చెప్పలేదు, ఎవరూ 500 అడగలేదు.

టు-లెట్ బోర్డు:
కడప అన్నా, ఉగాది మర్నాడు ఆ ఫోటో పేపర్లో చూస్తే నాకూ సంతోషమే. కానీ ఇంకో సంగతి వినండి. రెండేళ్ళ కిందట నేను హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్నాను. ఫోన్లో అద్దె కుదిరేది, అడ్వాన్సు కుదిరేది, బైకు పెట్టుకునే చోటుతో సహా కుదిరేది. చివర్లో "బాబూ, నీ పేరు?" అనేవాళ్ళు. పేరు చెప్పగానే "అయ్యో, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు" అని పెట్టేసేవాళ్ళు. పదకొండు ఇళ్ళు. పదకొండు మంది అబ్బాయిలూ ఒకే నెలలో తిరిగొచ్చారు, అందరూ ఒకే ఫ్లైట్ ఎక్కారో ఏమో.

సెక్రటరీగారూ, మీ 500 మీ దగ్గరే ఉంచండి. "మా ఫ్లాట్లు అద్దెకిచ్చేటప్పుడు మతం అడగం" అని ఒక్క తీర్మానం చేయించండి. అప్పుడు పచ్చడి గిన్నెడు తాగుతాను.

పాత బాకీ:
ఓనర్ తన ఇల్లు ఎవరికివ్వాలో అసోసియేషన్ చెప్తుందా? అది ఇంకా పెద్ద గొడవ.

టు-లెట్ బోర్డు:
"బ్యాచిలర్లకి ఇవ్వొద్దు" అని అసోసియేషన్లు తీర్మానం చేసినప్పుడు ఓనర్ హక్కు ఎవరికీ గుర్తు రాలేదే!

బొబ్బట్టు:
అసలు పచ్చడి తాగేదా తినేదా అది ముందు తేల్చండి. ఆంధ్రా వాళ్ళు చెంచాతో తింటారు, మేం పుట్నాలు వేసి కొత్త కుండలో కలిపి గ్లాసుతో తాగుతాం. మా బిల్డింగ్‌లో మతాలకన్నా ముందు ఈ యుద్ధం అయింది. ఇప్పుడు రెండు గంగాళాలు పెడుతున్నారు.

ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు:
నేను ఆ బిల్డింగ్‌లో ఉండను. కానీ ఇంచుమించు అలాంటిదాంట్లోనే ఉంటాను, మా కమిటీ కూడా నిరుడు ఒంటిగంటకే భోజనం పెట్టింది. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. మా సొంతూరు గుంటూరు వైపు, ఉపవాసాన్ని మేం ఒక్కపొద్దు అనే అంటాం.

ఆ రోజు ఎదురింటి మామ్మగారు పన్నెండింటికి తలుపు కొట్టారు. చేతిలో మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా. "నువ్వు ఇప్పుడు తినవని తెలుసమ్మా, ఫ్రిజ్‌లో పెట్టుకో. పొద్దుగూకాక తిను. ఇది దేవుడి దగ్గర పెట్టింది కాదు, విడిగా కలిపాను" అన్నారు. ఆ చివరి మాట ఎందుకన్నారో బయటివాళ్ళకి తెలియదు. మా తమ్ముడు నైవేద్యం పెట్టింది తినడు. అంతకుముందు ఏడాది ఆమె ఇస్తే వాడు తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఒక్క మాట అనలేదు, ఎందుకని అడగలేదు. ఏడాది తర్వాత రెండు గిన్నెల్లో కలిపారు, అంతే.

సాయంత్రం ఖర్జూరం తిని, నీళ్ళు తాగి, ఆ డబ్బా తెరిచాను. పదమూడు గంటల పైన ఏమీ తినని నోటికి వేపపువ్వు తగిలితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. చెవుల దాకా పాకింది చేదు. మా తమ్ముడు రెండు చెంచాలు తిని "ఇది ఏం తప్పు చేసినందుకు పెట్టింది?" అన్నాడు. మూడో చెంచా కూడా తిన్నాడు.

మర్నాడు నా వంతు. షీర్ ఖుర్మాలో మాంసం ఏమీ ఉండదు. పాలు, సేమ్యా, ఎండు ఖర్జూరం, బాదం, జీడిపప్పు, నెయ్యి, అంతే. కానీ మామ్మగారు మా ఇంటి గిన్నెలో వండింది తినరని నాకు తెలుసు. కొత్త గిన్నె, కొత్త గరిటె కొన్నాను. పొద్దున బిర్యానీ పొయ్యి మీదికి ఎక్కకముందే అది వండి, ఆమె డబ్బాలోనే పోసి ఇచ్చాను. ఆ గిన్నె ఇప్పటికీ అటక మీద విడిగా ఉంది.

ఇక సెక్రటరీగారి ప్రశ్న. సాయంత్రం ఆరున్నర మంచిదే. కానీ పొద్దుగూకిన వెంటనే నమాజు ఉంటుంది, మగవాళ్ళు మసీదుకి పోతారు. ఉగాది నాటి సాయంత్రం చివరి ఒక్కపొద్దులు నడుస్తుంటాయి, ఇంట్లో ఆడవాళ్ళకి పండుగ వంట పని, కుట్టించుకున్న బట్టల కోసం తిరుగుడు. అరగంట మించి ఎవరూ నిలబడలేరు. ఏడుంపావుకి పెట్టండి. ఇది తొమ్మిది ఇళ్ళలో ఏ ఒక్కరిని అడిగినా చెప్పేవాళ్ళు.

టు-లెట్ బోర్డు:
అక్కా, తప్పుగా అనుకోకండి. మీ గిన్నె అంటు అనుకునే మనిషి కోసం మీరు కొత్త గిన్నె కొనడం స్నేహం ఎలా అవుతుంది? నాకైతే ఒళ్ళు మండేది.

ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు:
మొదట నాకూ మండింది తమ్ముడూ. కానీ నా తమ్ముడి కోసం ఆమె రెండో గిన్నె తీసింది కదా. వాడు ఆమె దేవుడి ముందు పెట్టింది తిననన్నాడు, అది ఆమెకి ఇంకా ఎక్కువ నొప్పి. దాని ముందు నా గిన్నె ఎంత? నువ్వన్నది తప్పని అనను. ఇల్లు ఇవ్వనివాళ్ళ విషయం వేరు, వాళ్ళు గిన్నె దాకా రానివ్వలేదు.

మడి తడి:
నేను ఆ మామ్మగారి తరానికి దగ్గర. ఒక మాట. నైవేద్యం పెట్టకముందే ఎవరికైనా తీసిస్తే మా ఇంట్లో తప్పు. ఆమె విడిగా కలిపారు కాబట్టి సరిపోయింది, అదీ ఆమె మనసుకి ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలుసు. కమిటీలకి ఇవేం తెలియవు. గంగాళంలో కలిపి గ్లాసుల్లో పోసి "మతసామరస్యం" అని బ్యానర్ కడతారు. సెల్లార్‌లో మాంసం వండితే మాత్రం నేను దిగను, ముందే చెప్తున్నాను. అది ద్వేషం అంటే అనుకోండి.

సెల్లార్ సెక్రటరీ:
మాంసం ప్రస్తావనే లేదండీ. ఖర్జూరం, పళ్ళు, పచ్చడి, సమోసా. ఉల్లిపాయ సమోసానే, హలీం కాదు.

నెలవంక లెక్క:
ఇది తరచూ వచ్చే ముచ్చట కాదు, అందుకే చెప్తున్నా. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే అమావాస్య పోగానే. రంజాన్ పండుగ ఆ అమావాస్య తర్వాత కనిపించే నెలవంకతోనే. రెండూ ఒకే చంద్రుడి మీద ఆధారపడ్డవి. 2024లో ఏప్రిల్ 9, 11. 2025లో మార్చి 30, 31. ఇప్పుడు మూడోసారి. 2023లో ఉగాది అయిన రెండో రోజు ఉపవాసాలు మొదలయ్యాయి. హిజ్రీ ఏడాది సుమారు 354 రోజులు, ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. మనది అధికమాసంతో సర్దుకుంటుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది, అందుకని వచ్చే ఉగాది ఏప్రిల్‌లోకి పోతుంది, రంజాన్ మార్చి మొదట్లోనే అయిపోతుంది. మళ్ళీ ఇలా కలవాలంటే ముప్పై ఏళ్ళు. మీ కమిటీ వాయిదా వేస్తే అప్పటికి లిఫ్టు కూడా మారిపోతుంది.

వాచ్‌నైట్:
అందరూ రెండు మతాల గురించే మాట్లాడుతున్నారు, సెక్రటరీగారి బిల్డింగ్‌లో ఆ ఐదు క్రైస్తవ ఇళ్ళు ఎక్కడ? ఈ ఉగాది లెంట్‌లో పడింది, నలభై రోజుల ఉపవాసాల్లో మేమూ ఉన్నాం. ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా పర్వాలేదు, అలవాటే.

నా బాధ డిసెంబర్‌ది. మా బిల్డింగ్‌కి 23న రాత్రి పదిన్నరకి క్యారల్స్ వాళ్ళు వచ్చారు. ఒక గిటారు, ఎనిమిది మంది పిల్లలు, రెండు పాటలు. గ్రూపులో పదహారు మెసేజ్‌లు: "నిద్ర చెడింది", "పర్మిషన్ ఎవరిచ్చారు". వారం తిరక్కుండా 31న అదే బిల్డింగ్‌లో డీజే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. మేం వాచ్‌నైట్ ఆరాధన అయి ఒంటిగంటకి చర్చి నుంచి వస్తే లిఫ్టులో కూడా ఆ మోతే. ఒక్క మెసేజ్ లేదు. పిల్లల పాటలు రెండైనా ఓర్చుకోలేరు, డీజే అయితే మూడు గంటలు ఓర్చుకుంటారు. క్యారల్స్ ఆలస్యమైన మాట నిజమే, తొమ్మిదిన్నరకి రావాల్సింది. ఈసారి చెప్తాను. డీజే వాళ్ళకి ఎవరు చెప్తారు?

బొబ్బట్టు:
డీజే పెట్టింది మా కజినే. చెప్తాను. వినడు.

సెల్లార్ సెక్రటరీ:
నిన్న ఆదివారం మీటింగ్ అయింది. 31 మంది వచ్చారు. ఫ్లాటుకు 500 ప్రతిపాదన 17-14తో ఓడిపోయింది. నేను కూడా వ్యతిరేకంగానే వేశాను, పాత బాకీగారి నోటీసు బోర్డు మాట విన్నాక. గేటు దగ్గర డబ్బా పెట్టాం. గురువారం ఏడుంపావుకి సెల్లార్, పచ్చడి రెండు రకాలు. ఐదు క్రైస్తవ ఇళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. ఒకరింట్లో ఆ రోజు ప్రార్థన కూటమి ఉందట, ఎనిమిదికి వస్తామన్నారు. మైకు అద్దెకి తేవడం లేదు.

టు-లెట్ బోర్డు:
అద్దె తీర్మానం?

సెల్లార్ సెక్రటరీ:
అజెండాలో చివరి అంశంగా పెట్టాను. అప్పటికి టీ వచ్చింది, జనం లేచారు. కోరం లేదని వాయిదా పడింది.

టు-లెట్ బోర్డు:
ముందు తీర్మానం, తర్వాత టీ పెట్టాల్సింది సార్.

సెల్లార్ సెక్రటరీ:
ఏప్రిల్ మీటింగ్‌లో అలాగే పెడతాను.