ఐక్యూ పెరిగితే తెలివి పెరిగినట్టేనా?

మనస్తత్వశాస్త్రం చదివినవారు ఎవరైనా కాస్త వివరించగలరా? మా ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయికీ, విశాఖపట్నం పెదజాలరిపేటలో జీవితమంతా చేపల వేటకు వెళ్లిన మా మామగారికీ వాదన తెగడం లేదు.

అబ్బాయి ఆయుధం ఐక్యూ (తెలివితేటల పరీక్షల్లో వచ్చే స్కోరు) మీద పరిశోధన చేసిన జేమ్స్ ఫ్లిన్. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ స్కోర్లు దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగాయని 1980లలో ఆయన చూపించారు. కాబట్టి తాతల కంటే మనుమలే తెలివైనవారట! వీడి ధీమా చూస్తే నాకు నవ్వొస్తుంది.

మామగారు బడి ముఖం చూడలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక గుర్తు, కైలాసగిరి మరో గుర్తు. ఆ రెండూ ఎటు కనిపిస్తున్నాయో చూసుకుని, జీపీఎస్ లేకుండా చేపలుండే చోటికే పడవను తీసుకెళ్లేవారు. దానికి ఏ పరీక్షలో మార్కులు వేస్తారు?

నేను చదివినంతలో, పెరుగుదల ఎక్కువగా రేవెన్ మాత్రికల వంటి బొమ్మల పజిళ్లలో కనిపించింది. అంకగణితంలో, పదసంపదలో తక్కువే. పైగా నార్వేలో 1975 తర్వాత పుట్టినవారి స్కోర్లు తగ్గాయని, అన్నదమ్ముల మధ్య కూడా ఆ తేడా ఉందని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అన్నదమ్ముల్లోనూ అంటే కారణం జన్యువులు కాదు, పరిసరాలే కదా?

నా ప్రశ్నలు ఇవి. ఈ పెరుగుదలలో బడి చదువు వాటా ఎంత, పోషకాహారం వాటా ఎంత? చదువు రానివారి తెలివిని న్యాయంగా కొలిచే పద్ధతి ఉందా? తెలుగులో దీనిపై మంచి పుస్తకం ఉంటే పేరు చెప్పండి, ఇద్దరికీ చదివి వినిపిస్తాను.