బ్యాగులో దొరికిన గంజాయికి సెక్షన్ 50 వర్తిస్తుందా?

నల్లకోటు:
ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసుల్లో తెగని పంచాయితీ ఇది. నర్సీపట్నం నుంచి వచ్చే బస్సును ఎస్సై ఆపాడనుకుందాం. ఒక ప్రయాణికుడి జేబులు, నడుము తడిమాడు, ఏమీ లేదు. ఒళ్లో పెట్టుకున్న బ్యాగులో 22 కిలోల గంజాయి దొరికింది. మేజిస్ట్రేటు ముందో గెజిటెడ్ అధికారి ముందో సోదా కోరే హక్కు ఉందని, ఒంటిని వెతికే ముందు చెప్పాలంటుంది సెక్షన్ 50. ఎస్సై చెప్పలేదు. బ్యాగుతో పాటు ఒంటినీ వెతికితే సెక్షన్ 50 పాటించి తీరాలని 2014లో పరమానంద్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఈ కేసు కొట్టేయాలని నా వాదన.

సర్కారీ వకీలు:
ఒప్పుకోను సార్. పరమానంద్ ఇద్దరు జడ్జీల తీర్పు. 2005లో పవన్ కుమార్ కేసులో ముగ్గురు జడ్జీలు బ్యాగు సెక్షన్ 50లోని 'వ్యక్తి' కిందికి రాదని తేల్చారు. 2019లో బల్జిందర్ సింగ్ కేసులో మళ్లీ ముగ్గురు జడ్జీలే, ఒంటి సోదాలో లోపమున్నా వాహనంలో దొరికిన సరుకు సాక్ష్యంగా నిలుస్తుందన్నారు. 2023లో రంజన్ కుమార్ చడ్డా తీర్పు అదే దారిలో నడిచింది. మీ బస్సు కేసులో ఒంటిమీద ఏమీ దొరకలేదు కదా, ఇక సెక్షన్ 50తో పనేముంది?

నల్లకోటు:
వాహనం వేరు, చేతిలో బ్యాగు వేరు. పవన్ కుమార్ ప్రకారం ఒంటిమీది బట్టలూ కాళ్ల చెప్పులూ 'వ్యక్తి'లో భాగమే. అంటే మేజోడులో దాచిన 5 గ్రాముల హెరాయిన్‌కి రక్షణ ఉంది, భుజానికి తగిలించుకున్న సంచిలోని సరుకుకి లేదు. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష పడే కేసులో ఈ తేడాకి న్యాయమెక్కడుంది? సరుకు పెట్టి ఇరికించడానికి మేజోడు కన్నా సంచే సులువు.

పాత రికార్డు:
నల్లకోటు గారి బాధ అర్థమవుతోంది, కానీ ట్రయల్ కోర్టులో ఈరోజు నడిచేది చడ్డా తీర్పే. అలాగని సెక్షన్ 50 చచ్చిపోలేదు. ఒంటిమీద దొరికితే మాత్రం 1999 బల్దేవ్ సింగ్, 2010 విజయసింహ్ జడేజా, రెండూ అయిదుగురు జడ్జీల తీర్పులే. హక్కు చెప్పకుండా పట్టుకున్న సరుకొక్కదాని మీదే ఆధారపడి శిక్ష వేస్తే అది నిలవదు. 'దాదాపు పాటించాం' అంటే జడేజా ఒప్పుకోదు.

నోటీసులు చెడేది ఎక్కడంటే: ఇద్దరు ముద్దాయిలకూ ఒకే కాగితం ఇచ్చి, ఒకరి చేతే సంతకం పెట్టిస్తారు. లేదా "మా సూపరింటెండెంటు ముందైనా సరే" అని మూడో దారి చూపిస్తారు. పరమానంద్‌లో ఈ రెండూ తప్పేనన్నారు. నోటీసు మీద ఎఫ్‌ఐఆర్ నంబరు ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పక అడగండి: సోదాకి ముందు ఇచ్చిన కాగితం మీదికి ఇంకా పుట్టని నంబరు ఎలా వచ్చింది?

సర్కారీ వకీలు:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. స్టేషన్‌లో తర్వాత నింపిన కాగితం కేసుని ముంచుతుంది.

తూకం రాయి:
బ్యాగు కేసులో సెక్షన్ 50 దగ్గరే ఆగిపోతే చేతిలో ఉన్న అసలు పాయింట్లు జారిపోతాయి. బస్సు, బస్టాండు బహిరంగ స్థలాలు, అలాంటి చోట్ల సోదాకి సెక్షన్ 43 చాలు. అదే సొంత కారైతే 2021 బూటా సింగ్ తీర్పు ప్రకారం సెక్షన్ 42 వస్తుంది: అందిన సమాచారాన్ని రాసుకోవాలి, దాని ప్రతి 72 గంటల్లో పై అధికారికి చేరాలి.

ఇక బరువు. గంజాయికి వాణిజ్య పరిమాణం 20 కిలోలు, అది దాటితే సెక్షన్ 37 బెయిలుకి అడ్డం. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా లెక్కలోకి రావు. 22 కిలోలు అన్నది గోనెసంచితో కలిపి తూచిందా, విడి ఆకు ఎంతుంది, పంచనామాలో చూడండి. 2 కిలోల తేడాతో కేసు రూపమే మారిపోతుంది.

నల్లకోటు:
సంచి బరువు విడిగా రాయని పంచనామాలే ఎక్కువ. వీడియో సంగతి?

తూకం రాయి:
2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ఉంది. సోదా, జప్తు, జాబితా తయారీ, సాక్షుల సంతకాలు, అన్నీ రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 51 ద్వారా ఇది ఇక్కడికీ వస్తుందని వాదించండి. రికార్డింగు బ్యాగు తెరిచాక మొదలైందా, ముందు నుంచీ ఉందా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.