అప్‌డేట్: అను ఫాంట్ల కథల పుస్తకం గట్టెక్కింది

అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఉన్న ఒక రచయితగారి పాత కథల పుస్తకాన్ని, ఫోన్లలోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయని, ఏం చెయ్యాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూశాను. కన్వర్టర్ చాలావరకు బాగానే మార్చింది. ఇబ్బందంతా ఒత్తుల దగ్గరే. ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి, ‘ట’, ‘వ’ రెండూ ‘ఫ’ కింద చేరిపోయాయి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనపడని గుర్తు పెడితేనే విడిపోతాయి. అలాంటివి వెతికి వెతికి సరిచేశాను.

చివరి ప్రూఫ్ మాత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రింట్ తీయించి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కూర్చుని చూశాను. తెరమీద జారిపోయిన తప్పులు కాగితం మీద దొరికాయి. రచయితగారు తన కథల్ని ఫోన్‌లో చదువుకుని ఎంత సంబరపడ్డారో! ఈ పనికి నాకు రావాల్సిన మిగతా డబ్బులూ వేసేశారు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.